ధైర్యానికి కూడా లెక్క ఉంది: చాకీ చెప్పే ముందు, షెడ్డు కట్టే ముందు, తోట పీకే ముందు



పోయిన వారం ఒకే రోజు నాకు రెండు వాయిస్ మెసేజులు వచ్చినాయి. మొదటిది బాగేపల్లి వైపు తమ్ముడిది. “అన్నా, రేటు మళ్లీ లేస్తా ఉంది, రెండో షెడ్డుకు పునాది తీసేయొచ్చా?” అని. సాయంత్రం వచ్చింది చింతామణి వైపు పెద్దాయనది. “ఈ పురుగుల పని ఇంక చాలప్పా, తోట పీకేసి వేరే ఏమన్నా పెడదామనుకుంటా ఉండా, నువ్వేమంటావు?” అని.

ఇద్దరూ శిడ్లఘట్ట మార్కెట్‌కే గూళ్లు వేస్తారు. ఇద్దరివీ తెల్ల గూళ్లే, బైవోల్టిన్. ఆ వారం ఇద్దరికీ దొరికిన రేటు కూడా దగ్గర దగ్గర ఒకటే. ఒకరికి పునాది తీసేంత ధైర్యం, ఇంకొకరికి తోట పీకేంత నిరాశ. అదే మార్కెట్, అదే రేటు. మరి తేడా ఎక్కడినుంచి వచ్చింది? ఇద్దరికీ నేను వెంటనే జవాబు ఇవ్వలేదు. ఈ నెల పాఠమే ఆ జవాబు. ఈసారి రోగాలు, మందులు చెప్పడం లేదు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

ధైర్యాన్ని కొలిచేవాళ్లు ఉన్నారు

మనకు నవ్వు రావచ్చు గానీ రైతు ధైర్యాన్ని అంకెల్లో కొలిచేవాళ్లు ఉన్నారు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ, సీఎంఈ గ్రూప్ కలిసి నెల నెలా సుమారు 400 మంది రైతులను ఐదు ప్రశ్నలు అడుగుతారు. ఒకటి, పోయిన ఏడాదితో పోలిస్తే నీ సేద్యం డబ్బు విషయంలో ఇప్పుడు మెరుగా, అధ్వాన్నమా, అంతేనా? రెండు, వచ్చే ఏడాది ఈ పాటికి ఎట్లా ఉంటుంది? మూడు, రాబోయే 12 నెలలు మొత్తం వ్యవసాయానికి మంచి కాలమా, చెడ్డ కాలమా? నాలుగు, రాబోయే ఐదేళ్లు ఎట్లా? ఐదు, షెడ్లు, యంత్రాలు లాంటి పెద్ద ఖర్చులకు ఇది మంచి సమయమా, కాదా? ఈ జవాబులన్నీ కలిపి ఒక అంకె చేస్తారు. 2015 చివర, 2016 మొదట్లో ఉన్న స్థితిని 100 అనుకుని, అక్కడినుంచి పైకా కిందకా అని చూస్తారు.

మన దేశంలో కూడా నాబార్డ్ 2024 సెప్టెంబరు నుంచి రెండు నెలలకొకసారి పల్లె కుటుంబాలను ఇట్లాగే అడుగుతా ఉంది. ఆదాయం పెరిగిందా, ఖర్చు పెరిగిందా, ముందుకు ఏమనుకుంటున్నారు అని.

ఆ ఐదు ప్రశ్నలు నాకు నచ్చినాయి. ఎందుకంటే అందులో రెండు రకాలు ఉన్నాయి. ఇప్పుడు ఎట్లా ఉన్నావు అనేది ఒకటి. ముందు ఎట్లా ఉంటుంది అనేది ఇంకొకటి. మనం రెండో రకం ప్రశ్నకు కూడా మొదటి రకం జవాబే చెప్తాం. నిన్న లాటు బాగా పోయిందంటే ఐదేళ్లు బాగుంటుందంటాం. నిన్న లాటు దెబ్బ తిన్నదంటే పట్టుకే కాలం చెల్లిందంటాం. నేను చెప్పింది అబద్ధమైతే మన గ్రూపులోనే పాత మెసేజులు పైకి జరిపి చూడండి.

నా 2022 కాగితం

2021 చివర, 2022 మొదట్లో రేటు ఎట్లా ఉండిందో మీకందరికీ గుర్తుంటుంది. మంచి బైవోల్టిన్ లాటు కిలో వెయ్యి రూపాయలు తాకిన రోజులు చూసినాం. అప్పటికి నాది చిన్న షెడ్డు, 100 గుడ్లకే సరిపోయేది. 2022లో ఒక రాత్రి కూర్చొని పిల్లవాడి నోట్‌బుక్కులో లెక్క రాసినాను. పెద్ద షెడ్డు కడితే 200 గుడ్లు మేపొచ్చు. 100కు 70 కిలోల లెక్కన 140 కిలోలు. వెయ్యి వద్దులే, జాగ్రత్తగా 800 వేసుకుందాం అనుకున్నాను. లక్షా 12 వేలు. ఖర్చు 40 వేలు పోతే 72 వేలు మిగులు. ఏడాదికి తొమ్మిది పంటలు. ఆరున్నర లక్షలు! నాలుగు లక్షల అప్పు ఒక్క ఏడాదిలో తీర్చేయొచ్చు.

800 వేసుకోవడమే జాగ్రత్త అనుకున్నాను చూడండి. అదే ఆ లెక్కలో పెద్ద తప్పు. 2020 లాక్‌డౌన్‌లో నేను ఎంతకు అమ్మినానో నాకు తెలుసు, ఆ చీటీ కూడా ఇంట్లోనే ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అది కరోనా వల్ల వచ్చింది, మళ్లీ రాదు కదా అని పక్కన పెట్టినాను.

షెడ్డు లేచింది. అప్పు వాయిదా ఒక్కో పంట మీద వేసుకుంటే 9,000 పడుతుంది. 2023లో రేటు దిగింది. ఒక లాటు 128 కిలోలు తీసుకుపోతే 380 దొరికింది. 48,640 రూపాయలు. చేతినుంచి పెట్టిన ఖర్చు 41,000 పోతే మిగిలింది 7,640. వాయిదా 9,000. తక్కువ పడిన 1,360 పాల డబ్బులోంచి కట్టినాను. నేనూ మా ఇంటామె 25 రోజులు పగలూ రాత్రీ చేసిన పనికి కూలి సున్నా. ఆ రాత్రి ఆమె అడిగింది ఒక్కటే మాట. “ఆ నోట్‌బుక్కులో మన కూలి ఎక్కడ రాసినావు?” రాయలేదు.

ప్రతిసారీ కారణం వేరే ఉంటుంది

పడిపోయిన ప్రతి రేటుకూ ఒక కారణం ఉంటుంది, ఆ కారణం మళ్లీ రాదు అనిపిస్తుంది. 2011 గుర్తు చేసుకోండి. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్‌లో బయటినుంచి వచ్చే ముడి పట్టు మీద సుంకం 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి తగ్గించినారు. చైనా దారం చవకగా దిగింది. నేతగాళ్లకు చైనా దారం చవకగా దొరికితే మన రీలరు దారానికి గిరాకీ తగ్గుతుంది, రీలరు మన గూడు ధర తగ్గిస్తాడు. దాని దెబ్బ రామనగర నుంచి హిందూపురం దాకా తగిలింది. మా నాయన అప్పుడు అర ఎకరా తోట పీకించినాడు. 2013లో సుంకం మళ్లీ 15 శాతం చేసినారు. మధ్యలో 10కి తగ్గి, 2021 బడ్జెట్‌లో మళ్లీ 15 అయింది. మా నాయన పీకించిన ఆ అర ఎకరాలో నేను 2014లో మళ్లీ మల్బరీ నాటినాను. కడ్డీ కొన్న డబ్బు, నాటిన కూలి, ఆకు చేతికి రాని నెలలు, అన్నీ రెండోసారి పెట్టుకున్నాం.

2011లో సుంకం. 2020లో కరోనా. 2023లో ఇంకొకటి. కారణాలు ఏవీ ఒకదానికొకటి చుట్టం కాదు. అయినా పదేళ్లలో రెండు మూడు సార్లు చెడ్డ రేటు వచ్చింది. కాబట్టి కారణం ఏమిటని ఊహించే పని మనకొద్దు, చెడ్డ రేటు వస్తుందనే వేసుకోవాలి.

మంచి రేటు కూడా అంతే. అది నాకొక్కడికే కనపడదు. నేను 2022లో షెడ్డు కట్టినప్పుడు మన జిల్లాలో ఎంతమంది కట్టినారో చూసినారు. మనమే కాదు, మహారాష్ట్రలో కూడా మల్బరీ బాగా పెరిగింది, అక్కడి గూళ్లు రామనగర దాకా వస్తున్నాయి. సెంట్రల్ సిల్క్ బోర్డు లెక్కల ప్రకారం దేశంలో ముడి పట్టు 2017-18లో 31,906 టన్నులు, 2023-24లో 38,913 టన్నులు. పట్టుకు గిరాకీ లేదని కాదు. గిరాకీ ఉంది. కానీ కొత్త తోట పూర్తి ఆకు ఇచ్చేటప్పటికి ఏడాది పైనే పడుతుంది. మంచి రేటు చూసి అందరూ ఒకేసారి నాటితే అందరి గూళ్లూ ఒకేసారి వస్తాయి.

దీనికి టమాటా కంటే మంచి ఉదాహరణ లేదు. 2023 జులైలో కోలారు మార్కెట్‌లో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది. మా పక్క పొలం ఆయన అది చూసి, ఎనిమిదేళ్ల తోట జేసీబీతో పీకించి నారు పెట్టినాడు. మొదటి కోత రావడానికి రెండు నెలల పైన పట్టింది. సెప్టెంబరుకు రేటు కూలిపోయింది. కోత కూలి కూడా రాదని చెట్టు మీదే వదిలేసినాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు, నాకంటే మంచి రైతు. జులై రేటును అక్టోబరు పంటకు వేసుకున్నాడు, నేను 2022 రేటును ఏడేళ్ల అప్పుకు వేసుకున్నట్టే.

మూడు ధరలు

ఇప్పుడు అసలు పాఠం. రేపు రేటు ఎంత ఉంటుందో మనకు తెలియదు. కానీ మన గూడు మనకు ఎంతకు పడుతుందో తెలుసుకోవచ్చు. అది ఒక ధర కాదు, మూడు ధరలు. నా లెక్కే చూపిస్తాను. 200 గుడ్లు, ఎకరన్నర తోట రెండు ముక్కలు, ఒక్క పంట.

చాకీ పురుగులకు 9,000. షెడ్డు కడగడం, బ్లీచింగ్, సున్నం, పడక మందు, పేపర్లు 3,000. తోటకు పేడ, ఎరువు, దున్నకం, కలుపులో ఈ పంట భాగానికి 11,000. బయటి కూలీలు, అంటే ఆకు కోతకు, నాలుగో జ్వరం లేచిన తరువాత మేతకు, పురుగులు పండినప్పుడు చంద్రికలకు ఎక్కించడానికి, గూళ్లు విడిపించడానికి 14,000. చంద్రికల అరుగుదల, బాడుగ 2,000. బండి, మార్కెట్ ఖర్చు 2,000. మొత్తం 41,000. ఇది చేతినుంచి పోయే డబ్బు. 140 కిలోలతో భాగిస్తే కిలోకు 293. ఇది మొదటి ధర. దీన్ని చేతి ధర అందాం.

దీనికి అప్పు వాయిదా 9,000 కలపండి. 50,000. కిలోకు 357. ఇది రెండోది, అప్పు ధర. అప్పు లేనివాళ్లు అదృష్టవంతులు, వాళ్లకు రెండే ధరలు.

మూడోది మా ఇంటామె అడిగింది. ఇద్దరం, 25 రోజులు, రోజుకు మనిషికి 400 వేసుకున్నా 20,000. బయట ఆ కూలికి ఎవరూ రారని నాకు తెలుసు, అయినా తక్కువే వేసినాను. మొత్తం 70,000. కిలోకు 500. ఇది ఇంటి ధర.

ఇప్పుడు రేటు 450 అనుకోండి. 63,000 వస్తుంది. చేతి ఖర్చు వచ్చింది, వాయిదా కట్టినాం, మా ఇద్దరికీ 13,000 మిగిలింది. మనిషికి రోజుకు 260. నష్టం అనలేం. లాభం అని చెప్పుకుంటే మా ఆమె ఊరుకోదు. కానీ ఎక్కడ నిలబడి ఉన్నామో తెలుస్తుంది కదా. ఇది తెలిసినవాడు 450కి భయపడడు, గంతులూ వేయడు.

మీ ఊరి కూలి వేరే, మీ చాకీ ధర వేరే, మీ అంకెలు వేరే వస్తాయి. నా అంకెలు కాపీ కొట్టొద్దు. ప్రోత్సాహక డబ్బు, సబ్సిడీ ఇవేవీ ఖాతాలో పడేదాకా ఇందులో రాయొద్దు. నాకు షెడ్డు సబ్సిడీ అనుకున్న నెలలో రాలేదు, ఆ మధ్యకాలానికి వడ్డీ నేనే కట్టుకున్నాను.

రేటు మాత్రమే కాదు, కిలోలు కూడా

పైన ఖర్చును 140తో భాగించినాం. 100కు 70 బదులు 60 కిలోలే వచ్చినాయి అనుకుందాం. ఖర్చు తగ్గదు. అప్పుడు 120తో భాగించాలి. చేతి ధర 342, అప్పు ధర 417, ఇంటి ధర 583. అంటే 100కు పది కిలోలు తగ్గితే మన ఇంటి ధర కిలోకు 83 రూపాయలు పెరిగింది. మార్కెట్లో ఒక్క రోజులో 83 రూపాయలు పడితే గ్రూపులో ఎంత గగ్గోలు! మన షెడ్డులోనే 83 పోతే ఎవరికీ చెప్పం.

చింతామణి పెద్దాయనకు ఫోన్ చేసి అడిగితే పోయిన పంట 100కు 51 వచ్చింది అన్నాడు. దానికి ముందుది 54. ఆయనకు అప్పు లేదు. ఆయన ఖర్చు కూడా దాదాపు నా అంతే. 200 గుడ్లకు 102 కిలోలు. చేతి ధర 402, ఇంటి కూలి కలిపితే 598. అదే ఆయన 70 తీసి ఉంటే ఇంటి ధర 436. అయ్యా, మీకు మార్కెట్ మీద నమ్మకం పోలేదు, మీ షెడ్డు మీద పోయింది. అది తోట పీకితే తీరే జబ్బు కాదు. ఐదో దశలో పాల రోగం కనపడిందని మీరే చెప్పినారు. పంటకూ పంటకూ మధ్య షెడ్డు ఎన్నాళ్లు ఖాళీగా ఉంచినారు, రోగం వచ్చిన పురుగులను ఎక్కడ పారేసినారు, మధ్యాహ్నం రేకుల కింద వేడి ఎంత ఉంటుంది, ఈ మూడూ చూద్దాం. వచ్చే ఆదివారం నేను వస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం. అందాకా జేసీబీ వాడికి ఫోన్ చేయొద్దు.

రీలరు లెక్క కూడా ఒకసారి చూడండి. మనం కిలో గూడు అంటాం, ఆయన కిలో దారం అంటాడు. ఒక కిలో దారానికి ఎన్ని కిలోల గూళ్లు పడతాయి అన్నదే ఆయన లెక్క. దారం కిలో 3,800 అనుకుందాం, తీసే ఖర్చు 500 పోతే 3,300. ఏడు కిలోలు పడితే మన గూడుకు 471 దాకా పెట్టగలడు. ఎనిమిది పడితే 412. ఆరున్నర పడితే 507. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలే. కానీ ఒకే రోజు, ఒకే మార్కెట్లో పక్క పక్క లాటులకు తొంభై రూపాయల తేడా ఎందుకు వస్తుందో ఇందులో ఉంది. ఆయన చెయ్యి పెట్టి పిసికి చూసేది దీనికే. పలచటి గూళ్లు, మరక గూళ్లు, జంట గూళ్లు ఏరకుండా పోస్తే ఆయన ఎనిమిది వేసుకుంటాడు. బైవోల్టిన్ ఎక్కించిన ఐదో రోజే విడిపించి తీసుకుపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏడెనిమిది రోజులు ఆగండి. లోపల పురుగు పూర్తిగా ప్యూపాగా మారకుండా తీస్తే చితికి మరక పడుతుంది.

గ్రూపులో వచ్చే రేటు

ఇంకో చిన్న మాట. మార్కెట్ బోర్డు మీద మూడు అంకెలు ఉంటాయి. ఎక్కువ, తక్కువ, సరాసరి. మన గ్రూపులో ఫార్వర్డ్ అయ్యేది మొదటిది ఒక్కటే. అది ఆ రోజు ఒక్క లాటుకు వచ్చిన రేటు. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుని, మార్కెట్‌కు పోయి సరాసరి చూసి దిగులు పడతాం. ఇకమీదట రేటు పెట్టేవాళ్లు దయచేసి సరాసరి పెట్టండి, ఎన్ని లాటులు వచ్చినాయో కూడా పెట్టండి. లాటులు తక్కువ ఉన్న రోజు రేటుకు, నిండుగా ఉన్న రోజు రేటుకు విలువ వేరే.

ఏ పనికి ఏ ధర చూడాలి

చాకీ చెప్పడం చిన్న నిర్ణయం. నెల రోజుల్లో తేలిపోతుంది. దానికి చేతి ధర చూడండి. ఈ వారం సరాసరి రేటు మీ చేతి ధర కంటే బాగా పైన ఉంటే పంట వేయండి. ఎందుకంటే పంట వేయకపోయినా బ్యాంకు వాయిదా ఆగదు, తోటలో ఆకు ముదిరిపోతుంది. నాకు 380 దొరికిన రోజు కూడా 7,640 మిగిలింది. వేయకుండా ఉంటే 9,000 మొత్తం పాల డబ్బే కట్టాలి. సరాసరి మీ చేతి ధర కంటే కిందికి పోతే అప్పుడు ఆపండి, లేదా ఆకు అమ్ముకోండి.

రేటు బాగున్నప్పుడు చిన్న నిర్ణయంలో చేసే తప్పు ఒకటి ఉంది, ఆకుకు మించి చాకీ చెప్పడం. 200కు ఆకు ఉంటే 250 చెప్తాం. 100 గుడ్లకు నాకు వెయ్యి నుంచి 1,200 కిలోల ఆకు పడుతుంది. అందులో ఎనభై పాళ్లు ఐదో దశలోనే తింటాయి. తక్కువ పడేది కూడా అప్పుడే. పక్క ఊళ్లో ఆకు కొందామంటే ఆ వారం అందరికీ కావాలి, ధర రెండింతలు. పస్తు పెట్టిన పురుగు పలచటి గూడు కడుతుంది. ధైర్యం ఎక్కువై నేనే రెండుసార్లు చేసిన పని ఇది.

షెడ్డు కట్టడం, తోట నాటడం, తోట పీకడం, ఈ మూడూ పెద్ద నిర్ణయాలు. పీకడం కూడా పెద్ద నిర్ణయమే అని మనం మర్చిపోతాం, ఎందుకంటే జేసీబీకి ఒక్క పూట చాలు. వీటికి ఈ వారం రేటు చూడనే వద్దు. మీ పాత మార్కెట్ చీటీలు తీయండి. ఐదేళ్లలో మీకు దొరికిన అతి తక్కువ రేటు ఏది? దాన్ని మీ మామూలు పంట కిలోలతో గుణించండి, మంచి పంట కిలోలతో వద్దు. ఆ డబ్బులో చేతి ఖర్చు, వాయిదా రెండూ సరిపోతే కట్టండి. అంత తక్కువ రేటులో ఇంటి కూలి రాకపోయినా పర్లేదు, ఒక ఏడాది తట్టుకోవచ్చు. కానీ ఐదేళ్ల సరాసరి రేటులో మాత్రం ఇంటి ధర రావాలి. అది కూడా రాకపోతే పీకే మాట అప్పుడు మాట్లాడదాం.

నా షెడ్డునే ఈ పరీక్షకు పెట్టినాను. 2023లో వచ్చిన 48,640లో ఖర్చు 41,000, వాయిదా 9,000 సరిపోలేదు. నాలుగు లక్షల బదులు మూడు లక్షల షెడ్డు కట్టి ఉంటే వాయిదా 6,750. మొత్తం 47,750. సరిపోయేది, 890 మిగిలేది కూడా. నున్నటి గచ్చు, ముందు వరండా, గేటు, వీటికి పోయిన లక్ష అది. పురుగుకు గాలి, నీడ, శుభ్రం కావాలి గానీ గేటు ఎందుకు? రేటు బాగున్నప్పుడు ఈ ప్రశ్న నాకు తట్టలేదు. లాక్‌డౌన్ లాంటి నెల వస్తే మాత్రం ఏ లెక్కా నిలబడదు. దానికి రెండు ఆవులు, రెండు వాయిదాల డబ్బు పక్కన ఉండాలి. మా ఇంట్లో ఆ రోజు గట్టెక్కించింది ఆవులే, అవి బతికింది కూడా పురుగులు తిని మిగిల్చిన ఆకుతోనే.

బాగేపల్లి తమ్ముడూ, ఇప్పుడు నీ సంగతి. నీకు 100కు 72 వస్తున్నాయి. పని నీకు బాగా వచ్చు, అందులో అనుమానం లేదు. కానీ షెడ్డు పురుగుకు అన్నం పెట్టదు. రెండో షెడ్డుకు ఆకు ఎక్కడ? వీ1 తోట బాగా చేస్తే ఎకరానికి ఏడాదికి 24 టన్నుల దాకా వస్తుందని పుస్తకాల్లో ఉంది. నా బోరుతో నాకు వచ్చేది 16. ఎండాకాలం అదీ రాదు. మన జిల్లా బోర్ల సంగతి నీకు నేను చెప్పాలా? హెబ్బాళ-నాగవార నీళ్లు చెరువులకు వచ్చిన ఊళ్లలో కొంచెం మేలు, అందరికీ ఆ అదృష్టం లేదు. ముందు ఏప్రిల్, మే నెలల్లో నీ తోటలో ఎంత ఆకు వచ్చిందో తూచిన లెక్క నాకు పంపు. అది ఉన్న షెడ్డుకే సరిపోకపోతే పునాది తీయొద్దు, ఆ డబ్బు డ్రిప్పుకు పెట్టు. సరిపోయి మిగిలితే నీ చీటీలు తీసి తక్కువ రేటు పరీక్ష పెట్టు. అందులో నెగ్గితే పునాది పూజకు నన్ను పిలువు, టెంకాయ నేనే తెస్తాను.

ఈ పాఠం రాస్తా ఉంటే మా పెద్దవాడు వెనక నిలబడి చదివినాడు. పీయూసీ అయిపోయింది, బెంగళూరులో పనికి పోతానంటా ఉన్నాడు. “నాన్నా, మన ఇంటి ధర 500 అంటే నా కూలి కూడా కలిపినావా?” అన్నాడు. ఆకు మోసేది, రాత్రి మేత వేసేది వాడు కూడా. కలపలేదు. వాడికి రోజుకు 400 వేసి కలిపితే ఇంకో 10,000. కిలోకు 571. ఆ అంకె వాడి ముందే రాసి గోడకు అంటించినాను. పోయిన మూడు లాటుల చీటీలు కూడా పక్కన అంటించినాం. వాడు ఉండాలా, పోవాలా అనేది ఆ గోడ చూసి వాడే తేల్చుకుంటాడు, నేను బలవంతం చేయను.

మీరు చేయాల్సింది ఒక్కటే. మీ మూడు ధరలు ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి ఈ నెల 25 లోపల నాకు విడిగా పంపండి. పేర్లు గ్రూపులో పెట్టను. అన్నీ కలిపి వచ్చే నెల పాఠంలో చూపిస్తాను, ఎవరి ఖర్చు ఎక్కడ ఎక్కువ పోతా ఉందో అందరికీ తెలుస్తుంది. నేను వచ్చే పంటకు చాకీ 150కే చెప్పినాను. తోటలో తూస్తే ఆకు 1,700 కిలోలే తేలింది.